ఉప్పునీళ్ళ వేట

ఆ చైత్రమాసపు పొద్దున ఫల్గుణ లేస్తూనే ఒక నిర్ణయానికొచ్చాడు. ఈ ఏడు తన ఒంటిమీద పేడనీళ్ళు పడకూడదు. పడితే ఇక జన్మలో విల్లు ముట్టడు. ఈ రెండో మాట అతను ఏటా అంటాడు గనక దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మొదటిది మాత్రం కొత్తది.

అరకు చుట్టుపట్ల కొండల్లో ఇటుకల పండగంటే మగవాళ్ళకి వేట, ఆడవాళ్ళకి ఆట. పండగ నడిచినన్నాళ్ళూ మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని కొండెక్కుతారు. ఆడవాళ్ళు రోడ్డుకడ్డంగా తాడు కట్టి, వచ్చేపోయే బళ్ళను ఆపి, వాళ్ళకి తోచింది పుచ్చుకుని, థింసా నాట్యం ఆడి వదులుతారు. సాయంత్రం వేటగాళ్ళు దిగొచ్చేసరికి ఊరి మొదట్లో నిలబడి ముందు చేతుల్లోకి చూస్తారు. వేట ఉంటే పాట. లేకపోతే కుండల్లో కలిపి ఉంచిన పేడనీళ్ళు.

తాతల కాలంలో కొండ నిండా జంతువులుండేవి, అంచేత కుండలకి ఎప్పుడో గాని పని పడేది కాదు. ఇప్పుడు కొండమీద ఉన్నవి కాఫీ మొక్కలు, సెల్ టవరు, చూడ్డానికొచ్చిన జనం పారేసిపోయిన సీసాలు. ఒకటీ అరా జంతువేదైనా మిగిలుంటే దాని జోలికెళ్ళినవాడికి కేసు. అందుకని ఫల్గుణ ఊరైన జామగుడలో మగవాళ్ళు పొద్దున్నే బింకంగా కొండెక్కి, పనసచెట్ల నీడన పేకాడుకుని, సాయంత్రం బింకం లేకుండా దిగి, తలొంచుకుని పేడనీళ్ళు పోయించుకుని, ఇళ్ళకెళ్ళి స్నానాలు చేస్తున్నారు. ఆచారమన్నాక సిగ్గేముంది అంటాడు డప్పు కొట్టే సుక్రు. సుక్రుకి ఇంకా పెళ్ళి కాలేదు, అనగలడు.

ఫల్గుణ బాధ వేరు. అతని మీదికి మొదటి కుండ ఎత్తేది సాక్షాత్తూ అతని పెళ్ళాం స్వర్ణ. ఆమె గురి తప్పిన ఏడాది లేదు. నిరుడు ఆ నీళ్ళు చెవిలోకి పోయి చాలా రోజులు ఒక పక్క వినపడలేదు. వినపడే చెవితో విన్నది అంతకంటే ఘోరం. "మా ఆయన వేటకెల్తే కొండమీద దోమక్కూడా బయం నేదు" అని ఆమె సంతలో పదిమంది ముందూ అంది. పదిమందీ నవ్వారు. ఫల్గుణ కూడా నవ్వాల్సొచ్చింది. ఆ నవ్వు అతనికి ఏడాది పొడుగునా అరగలేదు.

"ఈ ఏడు నాను వేట తెత్తాను. సూడు," అన్నాడు విల్లు భుజానికి తగిలించుకుంటూ.

స్వర్ణ వాకిట్లో కూర్చుని కుండలో పేడ కలుపుతోంది. తలెత్తలేదు. "తే. ఎవులొద్దన్నారు?"

"అంత చిక్కగా కలపకు. అక్కరుండదు."

"మిగిల్తే గోడ అలుకుతాన్లే. బేగి ఎల్లు, నీకోసరం పులులు ఎదురు సూత్తన్నాయి."

ఫల్గుణ అందరితోపాటూ కొండదారి పట్టాడు. మలుపు దగ్గర చెప్పులో ముల్లు దిగిందన్న వంకతో వెనకపడ్డాడు. అందరూ చెట్ల చాటుకి పోగానే వెనక్కి దిగి, రోడ్డుమీద ఆగి ఉన్న కూరగాయల వేను ఎక్కి కూర్చున్నాడు. ఆ వేను పక్క ఊరి మోసెస్‌ది. మోసెస్ ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, తక్కిన రోజుల్లో విశాఖపట్నానికి క్యాబేజీ తోలతాడు.

"ఫల్గుణన్నా, వేట కొండమీద గదా? కిందికొత్తన్నావేటి?" అన్నాడు మోసెస్.

"కొండమీద కొడితే కేసు. సముద్రం ఎవుడిది? అందులో కొడితే ఎవుడడుగుతాడు?"

"అవున్లే. సముద్రానికి ఆ అంబు సాల్తాదా మరి?"

ఫల్గుణ విల్లు సీటు కిందికి తోశాడు.

అతని ఉపాయం తేలికైనది. హార్బరులో ఒక పెద్ద చేపను, బతికున్నదాన్ని, కొని తేవాలి. కానీ అక్కడికెళ్ళాక తెలిసింది, అక్కడున్న చేపలన్నీ ఐసులో పడుకుని వారం వారం అరకు సంతకొచ్చే చుట్టాలేనని. వాటిని చూపిస్తే జామగుడ ఆడవాళ్ళు తూకం ఎంతని అడుగుతారు గాని వేటని ఒప్పుకోరు. దిగులుగా తిరుగుతుంటే ఒక పడవ పక్కన, వలలోంచి విదిల్చి పారేసిన చెత్తకుప్పలో ఏదో మెరిసింది.

జానెడు పొడవుంది. ఒళ్ళంతా నెమలిపచ్చ. కాళ్ళు నిప్పురంగు. ముందు పక్క చిరుతపులికున్నట్టు మచ్చలు. కళ్ళు రెండూ పుల్లల చివర గుచ్చినట్టు పైకి లేచి, ఒకటి అటూ ఒకటి ఇటూ తిరుగుతున్నాయి. చెత్తకుప్పలో పడి కూడా అది ఎవరికీ లొంగేటట్టు లేదు. పక్కనున్న పీతని ఒక్క గుద్దు గుద్దితే దాని డిప్ప రెండు ముక్కలైంది.

"ముట్టుకోకు నాయినా, యేలిరిగిపోద్ది!" అని అరిచింది చేపలు ఏరుతున్న ఆవిడ. "దాన్ని ఎవులూ తినరు, ఎవులూ కొనరు."

"నాకిదే కావాల," అన్నాడు ఫల్గుణ.

ఆవిడ అతని ముఖం చూసి, భుజాన విల్లు ఒరిపిడికి పడ్డ గుర్తు చూసి, జాలిపడి ఒక పెయింటు బకెట్టులో సముద్రపు నీళ్ళు పోసి దాన్ని గరిటెతో అందులోకి తోసింది. రంగు చేపలమ్మే కొట్టువాడు దాని పేరు మాంటిస్ ష్రింప్ అని చెప్పి, ఒక పాత అద్దాల పెట్టె ఇచ్చి, ఇంత ఉపదేశం చేశాడు. దీన్ని ఒంటరిగా పెట్టాలి. దాక్కోడానికి పైపు ముక్క వెయ్యాలి. నత్తలు, పీతలు తింటుంది. సముద్రపు నీళ్ళు తప్ప ఇంకో నీళ్ళలో బతకదు. "అన్నిటికంటే ముఖ్యం, అద్దం మీద వేలితో కొట్టొద్దు. అది తిరిగి కొడుతుంది." ఫల్గుణ అన్నిటికీ తలూపాడు. మోసెస్ ఖాళీ కేన్ల నిండా సముద్రాన్ని పట్టి వేన్లో సర్దాడు.

సాయంత్రం కొండ మలుపు దగ్గర ఫల్గుణ మళ్ళీ అందరిలో కలిశాడు. భుజాన విల్లు, చేతిలో గోనెపట్టా కప్పిన బకెట్టు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ముందు గంగమ్మ. ఆమె స్వర్ణకి మేనత్త. వేటకు సంబంధించిన తగువులు తీర్చేది ఆమే. పళ్ళు సగం పోయాయి గాని మాట పదును పోలేదు. ఆమె పక్కనే స్వర్ణ, చేతుల్లో కుండ ఎత్తి పట్టుకుని.

"సేతుల్లో ఏటుంది?" అంది గంగమ్మ.

"వేట."

గంగమ్మ గోనెపట్టా తీసింది. రెండు కళ్ళూ ఆమెను ఎగాదిగా చూశాయి, ఒకటి ముఖాన్ని, ఒకటి కాళ్ళని.

"ఏటిరా ఇది? రొయ్యా?"

"రొయ్య కాదత్తా. రొయ్యకి తాత."

"ఎక్కడ పట్టినావల్లుడా?"

ఇక్కడే ఫల్గుణ బోల్తాపడ్డాడు. సముద్రంలో అనొచ్చు. హార్బరులో అనొచ్చు. కానీ స్వర్ణ కుండ ఇంకా గాల్లోనే ఉంది, దాని మూతి సరిగ్గా అతని చెవి వైపే ఉంది. నోరు దాని ఇష్టం వచ్చినట్టు, ఊరి పైనున్న కొండవాగు పేరు పలికింది. "పై గెడ్డలో. బండల కింద. సేత్తో పట్టినాను."

గంగమ్మ దగ్గరగా చూద్దామని చేతిలో ఉన్న మట్టి ముంతని బకెట్టులోకి దింపింది. టప్పున చప్పుడైంది. ముంత అడుగు ఊడి బకెట్టులో ఉండిపోయింది, మూతి గంగమ్మ చేతిలో మిగిలింది. ఆడవాళ్ళంతా ఒక అడుగు వెనక్కేశారు. గంగమ్మ ఆ మూతిలోంచి ఆకాశం వైపు కాసేపు చూసి తీర్పు చెప్పింది.

"వేటే."

స్వర్ణ కుండ దించింది. దించి మొగుణ్ణి చూసింది. పెళ్ళినాటి తర్వాత ఆమె అతన్ని అలా చూడ్డం అదే మొదలు. ఆ చూపు ఫల్గుణని నిలువునా పొగిడింది, నిలువునా భయపెట్టింది కూడా. ఇక నిజం చెబితే పోయేది ఒక్క చొక్కా కాదు.

వేటన్నాక వాటాలుంటాయి. ఊళ్ళో ఎన్ని ఇళ్ళుంటే అన్ని పంపకాలు, అదీ ఆచారమే. సుక్రు డప్పు కింద పెట్టి కత్తి నూరుకుంటూ వచ్చాడు. స్వర్ణ బకెట్టుకి అడ్డంగా నిలబడింది.

"కోసేవోడెవడో రండి. సూత్తాను."

"అదేటే, వాటాలు..." అంది గంగమ్మ.

"పెళ్ళయిన కాడినుంచి మా ఆయన ఇంటికి తెచ్చిన మొదటి వేట ఇది. దీన్ని పులుసెట్టుకుని మింగెయ్యడానికి నానొప్పుకోను. ఏటి సేసుకుంటారో సేసుకోండి."

"మరి ఊరి మాట?"

"కంటితో తినండి. రోజూ ఒచ్చి సూసుకోండి. అదే మీ వాటా."

గంగమ్మ బకెట్టులోకి చూసింది, ఊరివైపు చూసింది. పంచితే ఇంటికి ఒక కాలు కూడా వచ్చేట్టు లేదు. సరేనంది.

అలా సముద్రం జామగుడలో కాపురం పెట్టింది. టీవీ మంచం కిందికి పోయి, టీవీ బల్లమీదికి అద్దాల పెట్టె వచ్చింది. అడుగున ఇసుక, మూలన ప్లాస్టిక్ పైపు ముక్క, పైపులోంచి బయటికి చూస్తూ రెండు కళ్ళు. ఊరు దానికి గుద్దురొయ్యని పేరు పెట్టింది. వాటాదారులు ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవారు, వచ్చేటప్పుడు మడిలోంచి నాలుగు నత్తలు కొంగున కట్టుకొచ్చేవారు. గుద్దురొయ్య ఒక్కో నత్తనీ గుమ్మంలోకి లాక్కుని టప్పుటప్పున పగలగొట్టుకుని తిని, డొల్లలు బయటికి తోసేది. చూసినవాళ్ళు తామే కొట్టినంత సంతోషించేవారు. ఒకసారి సుక్రు దాన్ని తాళంలో పెడదామని డప్పు తెచ్చాడు. అది వాయిద్యానికి కూడా లొంగలేదు.

ఆ ఇంట్లో ఫల్గుణ పరపతి పెరిగింది. అడక్కుండానే కాఫీ వచ్చేది. చెప్పకుండానే చొక్కా ఉతికి ఆరేసి ఉండేది. అతను మాత్రం లోపల్లోపల ఉడికిపోతున్నాడు. గెడ్డ జీవికి సముద్రపు నీళ్ళు ఎక్కడినుంచొచ్చాయని ఎవరడిగినా కథ ముగిసినట్టే. మోసెస్ రోజూ తిరిగొచ్చేటప్పుడు కేన్లు తెచ్చి పైన క్యాబేజీ ఆకులు కప్పేవాడు. ఫల్గుణ వాటిని కట్టెల మోపు వెనక దాచేవాడు. ఎవరూ అడగలేదు. అద్దాల అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుందని కొట్టువాడు చెప్పాడు గాని, ఇక్కడ అద్దం ఎప్పుడు చూసినా తళతళలాడుతూనే ఉంది. జనాన్ని నమ్మించడం ఇంత తేలికా అని అతనికి కాస్త గర్వం కూడా వేసింది.

మూటగట్టిన అబద్ధం కాళ్ళొచ్చి నడవడం మొదలెట్టింది రోడ్డుమీది తాడు దగ్గర. బళ్ళాపిన ఆడవాళ్ళకి ఈ ఏడు థింసాతోపాటూ చూపించడానికి ఇంకోటి ఉంది మరి. "ఇచ్చినారు గదా, ఇంక మా వేటని సూసి ఎల్లండి," అని కార్లలో వచ్చినవాళ్ళని ఇంటికి తోలేవారు. వచ్చినవాళ్ళలో ఒక కుర్ర జంట సెల్ ఫోన్ పట్టుకుని స్వర్ణని అడిగారు, దీన్నెవరు పట్టారని.

"మా ఆయనే. సేత్తో పట్టినాడు," అంది స్వర్ణ, కెమెరాలోకి సూటిగా, గడ్డం ఎత్తి.

ఆ వీడియోకి వాళ్ళు 'అరకు గెడ్డలో వింత జీవి' అని పేరు తగిలించి వదిలారు. మర్నాటికల్లా పై గెడ్డ ఒడ్డున కార్లు బారులు తీరాయి. పట్నంనుంచి వచ్చిన పెద్దమనుషులు ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, బండలెత్తి చూస్తూ తిరిగారు. ఒకాయన బొటనవేలు పీత పట్టుకుంది. ఆయన గుద్దురొయ్యే పట్టిందని గగ్గోలు పెడితే, ఆ వీడియో మొదటిదానికంటే ఎక్కువమంది చూశారు.

ఫల్గుణ గెడ్డకి పరుగెత్తి, "ఇక్కడేటీ నేదు బాబూ, ఎల్లిపోండి, జారుడు బండలు," అని బతిమాలాడు.

"ఏమీ లేకపోతే వెళ్ళిపొమ్మని ఎందుకంటాడు?" అన్నాడొకడు పక్కవాడితో. ఇద్దరూ ఇంకాస్త లోతుకి దిగారు.

అక్కడినుంచి సంగతి బీటు ఆఫీసరు మోహన్‌కృష్ణదాకా పోయింది. ఆయన అటవీశాఖలో కొత్తగా చేరినవాడు. అన్నీ రూలు ప్రకారం చేసేవాడు. జీపేసుకుని జామగుడ వచ్చేసరికి రోడ్డుకడ్డంగా తాడుంది. సర్కారు బండి అని గంగమ్మ తాడు దింపించి, ఏమీ పుచ్చుకోకుండానే లోపలికి వదిలింది. ఆయన తిన్నగా ఫల్గుణ ఇంటికొచ్చి, అద్దాల పెట్టె ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. వెనకాలే ఊరంతా వచ్చి గుమ్మంలో నిండింది. అప్పుడే కేన్లతో వచ్చిన మోసెస్ వేను దిగకుండా బయటే ఆగిపోయాడు.

"దీన్ని ఎక్కడ పట్టారు?" అన్నాడు మోహన్‌కృష్ణ.

ఫల్గుణ పెట్టెలోకి ఒక నత్తని జారవిడిచాడు.

"పై గెడ్డ రిజర్వు అడవిలో ఉంది. అందులో జీవిని పడితే వేట కింద కేసు. వీడియోలో మీ ఆవిడే చెప్పింది, మీరే పట్టారని. గెడ్డలో పట్టారా, లేదా? అవునంటే కేసు. కాదంటే ఎక్కడిదో చెప్పండి."

అదీ చిక్కు. అవునంటే స్టేషను. కాదంటే ఊరంతా ఉంది, కుండలున్నాయి, పండగ ఇంకా ముగియలేదు. అన్నిటికంటే ముందు, గోడకానుకుని స్వర్ణ ఉంది, వీడియోలో ఎత్తిన గడ్డం ఇంకా దించకుండా. ఫల్గుణ ఆమెను చూశాడు. ఎటూ పాలుపోక ఎదురు తిరిగాడు.

"అడివి అడివంటారేటి సారూ? అడివిలో జంతువుంటే గదా వేట! మా తాతల్నాడు ఉండేవి. ఇప్పుడక్కడ మీ బోర్డులున్నాయి, ఆళ్ళ సీసాలున్నాయి. పండగకి నాను బోర్డుని కొట్టుకు రావాలా, సీసాని కొట్టుకు రావాలా? కేసెట్టాలంటే గెడ్డలో దిగి బండలు తిరగేత్తన్న ఆళ్ళ మీద ఎట్టండి ముందు!"

గుమ్మంలో మగవాళ్ళు "అదీ!" అన్నారు. మోహన్‌కృష్ణ ముఖం ఎర్రబడింది.

"అవన్నీ తర్వాత. జవాబు చెప్పకపోతే జీవిని స్వాధీనం చేసుకుంటాను," అని పెన్నుతో అద్దాన్ని టకటకలాడించాడు.

"అద్దం కొట్టకండి సారూ."

"ఏం, కొడితే?" అని ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు.

గుద్దురొయ్య పైపులోంచి బయటికొచ్చింది. ఒక కన్ను ఆఫీసరు మీద, రెండోది పెన్ను మీద పెట్టింది. సర్కారని చూడలేదు, రూలని చూడలేదు. టప్!

అద్దం మీద ఈ మూలనుంచి ఆ మూలకి ఒక గీత పాకింది. ఆ గీతలోంచి నీళ్ళు పిచికారీలా చిమ్మి మోహన్‌కృష్ణ ముఖాన కొట్టాయి. కుర్చీ, ఆయనా కలిసి వెనక్కి పడ్డారు. నీళ్ళు బల్లమీదినుంచి నేలమీదికి, నేలమీదినుంచి మంచం కింది టీవీ వైపు పరుగెత్తాయి. అందరూ ఒక్కసారే అరిచారు.

అందరికంటే పైన వినపడింది స్వర్ణ గొంతు. "బకెట్టు తెండి! ఒరే సుక్రూ, కట్టెల మోపెనక కేన్లున్నాయి, బేగి! మోసెస్సూ, కేబేజీ కిందవి కూడా దించు! మంచినీళ్ళు పొయ్యకండి, సచ్చిపోద్ది! ఉప్పునీళ్ళే!"

సుక్రు ఏ కేన్లని అడగలేదు, ఏ మోపని అడగలేదు. చీకట్లో తన ఇంట్లో తిరిగినట్టు తిన్నగా వెళ్ళి రెండు కేన్లు తెచ్చాడు. గంగమ్మ అప్పటికే వేన్లో క్యాబేజీ ఆకులు అవతలికి విసిరేస్తోంది. స్వర్ణ అన్నం గరిటెతో గుద్దురొయ్యని పెయింటు బకెట్టులోకి చేర్చి, పైన సముద్రాన్ని పోసింది. అది అడుక్కి దిగి, బకెట్టు గోడని ఒకసారి గుద్ది చూసి, కుదుటపడింది.

ఫల్గుణ మాత్రం నేలమీది నీళ్ళలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మోహన్‌కృష్ణ లేచి కూర్చుని పెదాలు నాక్కున్నాడు.

"ఇవి ఉప్పునీళ్ళు," అన్నాడు.

ఇక దాచడానికేముంది? ఫల్గుణ రొమ్ము విరుచుకున్నాడు. "అవును, ఉప్పునీళ్ళే! గెడ్డలో పట్టనేదు. ఇసాపట్నం హార్బరులో సెత్తకుప్పలోంచి తెచ్చినాను. కేసు ఒప్పుకోను. అబద్దం ఒప్పుకుంటాను. ఎవులి కుండ ఆళ్ళు తెచ్చుకోండి, కొట్టండి!" అని కళ్ళు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ ఏమీ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఎవరూ ఆశ్చర్యపోయినట్టు కూడా లేరు. సుక్రు ఆవులించాడు.

"గెడ్డలో పుట్టినదానికి ఉప్పెందుకురా అల్లుడా?" అంది గంగమ్మ కొంగు పిండుకుంటూ. "నాను బకెట్టు మీద పట్టా తీసిన్నాడే వాసనొచ్చింది. ఎండుసేపలు ఎరగనోళ్ళమనుకున్నావేటి?"

"మరి... వేటేనన్నావు గదా అత్తా?"

"వేట ఎక్కడిదో ఆచారంలో నేదు. సేతిలో ఉందా నేదా, అంతే."

"మరెక్కడ పట్టినావని ఎందుకడిగినావు?"

"మాటవరసకడిగినాను. నువ్వే అబద్దమాడినావు."

ఫల్గుణకి నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్ళు తిన్న అన్నం ఒంటికి పట్టకుండా తను దాచిన రహస్యాన్ని ఊళ్ళో ఒక్కడంటే ఒక్కడు కూడా నమ్మలేదు. స్వర్ణ వైపు తిరిగాడు. "నీక్కూడా తెలుసా?"

"రోజూ తెల్లారి లేచి అద్దం మీద ఉప్పు తుడిసిందెవరనుకున్నావు?"

"మరి సేత్తో పట్టినాడని వీడియోలో సెప్పినావు!"

"సేత్తోనే గదా పట్టినావు. హార్బరులో కాల్తో పట్టినావేటి?"

మోహన్‌కృష్ణ ముఖం తుడుచుకుని, టోపీ వెతుక్కుని, ఉన్న మర్యాదంతా కూడగట్టుకుని లేచాడు. సముద్రం తన బీటులోకి రాదు, కేసు లేదు అన్నాడు. అద్దం పగలగొట్టినందుకు కొత్తది తనే పంపిస్తానని కూడా అన్నాడు. మనిషి మంచివాడే. మంచివాడు కాబట్టే ఊరి మొదట తాడు దగ్గర జీపాపి, కిందికి దిగి గంగమ్మకి నమస్కారం పెట్టాడు.

"ఎందుకొచ్చినావు బాబూ?" అంది గంగమ్మ ప్రేమగా.

"తెలుసు కదమ్మా, ఆ జీవిని పట్టుకెళ్దామని."

"కొండెక్కి ఒచ్చినావా?"

"ఎక్కే వచ్చాను."

"పట్టుకున్నావా?"

"లేదు. ఉత్తచేతులతోనే వెళ్తున్నాను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాడు కిందికి దిగలేదు. చెట్టు మొదట్లో ఉన్న కుండలు ఒక్కొక్కటే పైకి లేచాయి.

"ఏమిటమ్మా ఇది? నేను గవర్నమెంటు ఉద్యోగిని!"

"పండక్కి ఆ తేడా నేదు బాబూ. కొండెక్కినోడు, జీవి కోసరం ఒచ్చినోడు, ఉత్తసేతుల్తో దిగుతున్నోడు. వేటగాడంటే ఇంకేటి?"

ఆయన సాయం కోసం మగవాళ్ళ వైపు చూశాడు. ఏటా ఆ నీళ్ళ కింద తలొంచిన జామగుడ మగవాళ్ళు, జీవితంలో మొదటిసారి ఒడ్డున నిలబడి చూసే భాగ్యం కలిగినవాళ్ళు, గౌరవంగా పక్కకి తప్పుకుని దారిచ్చారు. సుక్రు డప్పందుకున్నాడు. మొదటి కుండ గంగమ్మది. తర్వాతివి ఎవరెవరివో మోహన్‌కృష్ణకి కనపడలేదు. ఫల్గుణ పొట్ట పట్టుకుని నవ్వాడు. సంతలో నవ్వాల్సొచ్చిన నవ్వు ఇవాళ్టికి దిగింది.

నవ్వి నవ్వి వెనక్కి తిరిగేసరికి స్వర్ణ ఉంది. చేతుల్లో నిండుకుండ.

"నాకెందుకే? వేట తెచ్చినాను గదా! అత్త వేటేనంది గదా!"

"వేటకి కాదు మావా. ఊరికి అబద్దం సెప్పినావు, సరే. నాకెందుకు సెప్పినావు? హార్బరుకి నాను రానా?"

ఫల్గుణకి పారిపోయే దారుంది గాని అటు పోలేదు. చెవిలో వేలు పెట్టుకుని, తలెత్తి, మగాడిలా నిలబడ్డాడు. స్వర్ణ గురి ఈ ఏడు కూడా తప్పలేదు. ఆమె నవ్వింది. చూస్తే అతను కూడా నవ్వుతున్నాడు. క్యాబేజీ ఆకుల కింద సముద్రాన్ని మోసిన పాపానికి మోసెస్‌కి రెండు చెంబులు, చీకట్లో కేన్లు కనిపెట్టి కూడా చెప్పనందుకు సుక్రుకి ఒక కుండ, చూస్తూ నిలబడ్డందుకు తక్కినవాళ్ళకి మిగిలినవి పడ్డాయి.

ఆ పండగలో జామగుడలో పేడనీళ్ళు పడని మగప్రాణి పెయింటు బకెట్టులో ఉన్నదొక్కటే, అదైనా మగదేనని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.